టిక్కుమని పడే మూత

మా చర్చికి వచ్చే రూతు అనే అమ్మాయికి పోయిన నెల కర్నూలులో ఒక సోఫాల షాపులో పని దొరికింది. ఆదివారం ఆరాధన అయిపోయాక వచ్చి నా పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నువ్వు శానా ఏండ్లు ఇదే పని చేసినావంట కదా. రేపట్నుంచి నేను కూడా కస్టమర్ల ముందర నిలబడల్ల. భయమైతాంది" అంది.

"భయపడేది మంచిదే" అన్నాను.

నేను తమాషాకి అన్నాననుకుని ఆ పిల్ల నవ్వింది. తమాషా కాదు. ఆ మాట వెనక ఉన్న సంగతులు చర్చి మెట్ల మీద కూర్చుని చెప్తే తెగేవి కావు. ఇంటికొచ్చి నోటు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. రూతు చదివితే చాలు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంకెవరైనా చదివినా సంతోషమే.

నేను అమ్మిన సరుకు

నా పేరు సువార్తమ్మ. పుట్టింది బద్వేలు దగ్గర పల్లెలో, పెండ్లయి వచ్చింది కల్లూరుకు. మా ఆయనకు రైసుమిల్లులో పని. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. మా వీధి చివర ఖాదర్ సాబు సోఫాల షాపు ఉండేది. సోఫా కవర్లు కుట్టే మనిషి మానేస్తే, నా కుట్టు చూసి నన్ను పిలిచినాడు. ఆరేండ్లు షాపు వెనక గదిలో మిషను ముందు కూర్చున్నాను. తర్వాత ఆడవాళ్లు వచ్చి బట్ట గురించి, ఉతికేదాని గురించి అడుగుతుంటే జవాబు చెప్పడానికి ముందుకు వచ్చాను. అట్లనే ముందరే నిలబడిపోయాను.

షాపులో సోఫాలు, మంచాలు అన్నీ ఉండేవి గానీ, నాకు అప్పజెప్పింది చిన్న సరుకు. కూర్చున్నప్పుడు కాళ్లు చాపి పెట్టుకునే మెత్తటి పీటలు, నాలుగు పక్కలా ఫోమ్ వేసి బట్ట బిగించిన చదరపు సీట్లు. వీటన్నిటినీ మా వ్యాపారంలో పఫ్ఫీలు అంటారు. సోఫా కొనేవాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి మూడు దినాలు ఆలోచిస్తారు. పఫ్ఫీ కొనేవాళ్లు రంగు చూసి అయిదు నిమిషాల్లో ఎత్తుకుపోతారు. అందుకే అమ్మేవాళ్ల మీద బరువు ఎక్కువ. వాళ్లు చూడనిది మనమే చూడాలి.

ఖాదర్ సాబు నాకు మొదటి దినం చెప్పిన మాట ఇది. "సువార్తమ్మా, కొనేటోళ్లు కంటితో చూస్తారు. నువ్వు చేత్తో చూడల్ల."

అరచేత్తో నడిమధ్య నొక్కి వదిలితే ఫోమ్ వెంటనే పైకి రావాలి. గుంట నిలిచిపోయిందంటే లోపల వేసింది పాత ముక్కల ఫోమ్. తలకిందులు చేసి అడుగున కొట్టిన నల్లబట్ట ఒక మూల విప్పి చెక్క చూడాలి. అట్ట లాంటి పొడి చెక్కయితే మా ఎండలకు, మేము నేల తుడిచే నీళ్లకు రెండేండ్లలో ఉబ్బిపోతుంది. అంచు మీద బరువంతా వేసి కూర్చుంటే ఒరిగిపోకూడదు. కాళ్లు పెట్టుకునేదైతే ఎత్తు సోఫా సీటుకు రెండు వేళ్లు తక్కువ ఉండాలి, ఎక్కువుంటే మోకాలి వెనక నరం లాగుతుంది. రెగ్జిన్ కంటే మందపాటి బట్ట మేలు. మే నెలలో రెగ్జిన్ మీద కాలు పెట్టి తీస్తే తోలు అంటుకుని వస్తుంది.

ఇవన్నీ నెల రోజుల్లో వచ్చేస్తాయి. రూతుకు కూడా వచ్చేస్తాయి. రానిది వేరే ఉంది.

ఎల్లప్ప కాలు

ఎల్లప్ప బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊరు ఓర్వకల్లు. ముప్పై ఏండ్లు నిలబడి పని చేసి కాళ్లు వాచిపోయినాయి, దానికి తోడు సుగర్. కాళ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చోమని డాక్టరు చెప్తే, భార్య నాగమ్మను వెంటబెట్టుకుని మా షాపుకు వచ్చినాడు.

ఆ దినం శుక్రవారం. ఖాదర్ సాబు నమాజుకు పోయినాడు. షాపులో జనం ఉన్నారు. ఎల్లప్పకు నచ్చిన పీట అప్పుడే బట్ట మార్చి వెనక నుంచి ముందుకు తెచ్చింది. బస్సుకు టైమయిందని ఆయన తొందరపడినాడు. నేను పైన రెండు సార్లు తట్టి, బాగుందని ఇచ్చేసినాను. చేత్తో చుట్టూ తడమలేదు. తడమలేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఒక్కసారికి ఏమైతుందిలే అనుకున్నాను.

ఇరవై దినాల తర్వాత నాగమ్మ ఒక్కతే ఆటోలో ఆ పీటను పెట్టుకుని వచ్చింది. ఎవరితోనూ గొడవపడలేదు. పీటను నా కాళ్ల ముందర దించింది.

"మ్మా, దీంట్లో ఏముండాదో చూడు. మా ఆయన మడమ పెట్టే చోటే మరక పడింది" అంది.

ముదురు ఆకుపచ్చ బట్ట మీద కందిగింజంత గోధుమరంగు మరక. ఖాదర్ సాబు వంగి దాని మీద చెయ్యి రాసినాడు. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి మీద నెత్తురు బొట్టు. బట్ట బిగించేటప్పుడు కొట్టిన పిన్ను ఒకటి చెక్కలో ముడికి తగిలి, వంగి, ఫోమ్‌లో నుంచి పైకి తిరిగింది. కాళ్లు పెట్టి బరువు వేసే కొద్దీ అది కొంచెం కొంచెం బయటికి వచ్చింది.

"ఆయనకు నొప్పి తెలీలేదా?" అని అడిగినాను.

"సుగరు కదమ్మా. కాళ్లకు స్పర్శ ల్యాదు. దినమంతా దాని మీదే పెట్టుకోని టీవీ చూసేటోడు. శానా సుకంగా ఉండాది అని నాతో చెప్పేటోడు" అంది నాగమ్మ.

గాయం మానుతుందని ముందు చెప్పినారు. మానలేదు. మూడు నెలలకు పాదం పైదాకా కాలు తీసేసినారు.

ఖాదర్ సాబు నన్ను తిట్టలేదు. ఆస్పత్రికి తనతో పాటు తీసుకుపోయినాడు. నేను బయటనే నిలబడతానన్నాను. "లోపలికి రా" అన్నాడు. మంచం పక్కన నిలబడి ఎల్లప్పతో, "తప్పు మాదే అన్నా. ఈ అమ్మ చూడల్ల, చూడలే. ఈ అమ్మ చూసిందో లేదో నేను చూడల్ల, నేనూ చూడలే" అని చెప్పినాడు.

ఎల్లప్ప దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు. "గుచ్చుకున్యప్పుడు నొప్పయింటే అరిచేటోన్ని కదప్పా" అన్నాడు. అంతే. నా మీద అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ తర్వాత మా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పాత జార్జెట్ చీర ముక్క ఒకటి ఎప్పుడూ నా దగ్గర ఉండేది. పీట పైనా, పక్కలా, అంచుల్లో ఆ ముక్కను అదిమి లాగితే, ఎక్కడ పిన్ను మొన ఉన్నా, చెక్క పేడు ఉన్నా, దారం పట్టుకుంటుంది. చెయ్యి మొద్దుబారిపోతుంది, జార్జెట్ మొద్దుబారదు. ఇంకొకటి, కస్టమరు రాగానే ఏ రంగు కావాల అని అడగడం మానేసినాను. ఇది ఎవరి కోసం అని అడిగేదాన్ని. ముసలివాళ్లకా, కడుపుతో ఉన్నవాళ్లకా, పిల్లోళ్లున్న ఇంటికా. ఎవరి కోసమో తెలిస్తే దేనికి భయపడాల్నో తెలుస్తుంది.

ఇంత నేర్చుకున్నదాన్ని, దాన్ని మించిన తప్పు ఎట్ల చేసినానో ఇప్పుడు చెప్పాలి.

కొత్త సారు తెచ్చిన డబ్బాలు

ఖాదర్ సాబుకు కండ్లు కనపడక షాపు సుధాకర్ అనే ఆయనకు అప్పజెప్పి కడపలో కూతురు దగ్గరికి వెళ్లిపోయినాడు. సుధాకర్ నాకంటే పదిహేనేండ్లు చిన్న. నన్ను అక్కా అని పిలిచేవాడు, నేను సారూ అనేదాన్ని. చెడ్డవాడు కాదు. జీతం ఒక్క దినం ఆలస్యం చేయలేదు. కానీ ఆయనకు సరుకు కంటే సరుకు కదలడం ముఖ్యం. షాపులో కుట్టించడం తగ్గించి బయట నుంచి తయారైనవి తెప్పించడం మొదలుపెట్టినాడు.

ఒకసారి పన్నెండు డబ్బా పఫ్ఫీలు వచ్చినాయి. చూస్తే చక్కటి చదరపు సీట్లు. లోపల ఖాళీ. మూత ఎత్తి దుప్పట్లు, బొమ్మలు వేసుకోవచ్చు. మామూలు మూతల్లాగా ఊరికే పెట్టేది కాదు, బందు మీద వెనక్కి తెరుచుకుంటుంది. కిందికి వదిలితే స్ప్రింగు లాకు టిక్కుమని పడుతుంది. ముందర ఇత్తడి మీట నొక్కితేనే మళ్లీ తెరుచుకుంటుంది.

నేను ఎప్పటిలాగానే జార్జెట్ ముక్కతో తడిమినాను. ఎక్కడా పట్టుకోలేదు. అంచు మీద కూర్చున్నాను, ఒరగలేదు. మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూసినాను. చెయ్యి లోపలుంచి, రెండో చేత్తో మూతను నెమ్మదిగా దించినాను. లోపలి వైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. నునుపైన రెగ్జిన్. గాలి పోయే సందు కూడా లేదు. చెయ్యి బయటికి తీసి సుధాకర్ దగ్గరికి పోయినాను.

"సారూ, లోపల నుంచి తీయనీకి ల్యాదు ఇది" అన్నాను.

సుధాకర్ ఫోన్ చూసుకుంటా, "లోపల ఎవరుంటారక్కా? దుప్పట్లు లేసి తలుపు తట్టుతాయా?" అన్నాడు.

పక్కనున్నవాళ్లు నవ్వినారు. నేను కూడా నవ్వినాను. ఈ మాట రాసేటప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది. నవ్వడమే కాదు, వారం తిరిగేసరికి ఆ టిక్కు చప్పుడునే చూపించి అమ్మడం మొదలుపెట్టినాను. "చూడండమ్మా, ఎంత గట్టిగా పడతాందో. బొద్దింక కూడా దూరలేదు" అనేదాన్ని. నెల లోపల ఏడు పోయినాయి.

మనకు భయమేసినప్పుడు పక్కవాళ్లు నవ్వితే ఆ భయం పోదు. కాసేపు పక్కకు జరుగుతుంది, అంతే.

హారిక

శనివారం సాయంత్రం నాలుగు గంటలు. కల్లూరులోనే కొత్త ఇల్లు కట్టుకున్న లక్ష్మీదేవి అనే ఆమె, తన అత్తను, అయిదేండ్ల కూతురు హారికను తీసుకుని సోఫా చూడ్డానికి వచ్చింది. అత్త వయసు మీదపడిన మనిషి, మోకాళ్ల నొప్పులు. లక్ష్మీదేవి బట్టల పుస్తకం తిప్పుతుంటే నేను పక్కన నిలబడి చెప్తున్నాను. పాప సోఫాల మధ్య పరుగెత్తుతా ఉంది. ఒకటి రెండు సార్లు దాని నవ్వు వినబడింది.

"హారికా, ఈడ రామ్మా. ఈ రంగు చూడు" అని తల్లి పిలిచింది.

పలకలేదు. ఇంకోసారి పిలిచింది. ఆమె తల ఎత్తి చుట్టూ చూసింది. నేనూ చూసినాను. షాపు తలుపు తెరిచి ఉంది. బయట రోడ్డు మీద లారీలు, షేర్ ఆటోలు.

లక్ష్మీదేవి చేతిలో పుస్తకం కింద పడేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆమె వెనక సుధాకర్, ఆయన వెనక నేను. అటు పక్క టీ అంగడి, ఇటు పక్క టైర్ల షాపు, సందు, మురికి కాలవ, అన్నీ చూసినాము. "ఎర్ర గౌను, రెండు జడలు" అని లక్ష్మీదేవి కనబడిన ప్రతివాళ్లకూ చెప్తాంది. ఆమె గొంతు పోయే కొద్దీ సన్నబడిపోతాంది. ఒక లారీ అప్పుడే కదిలి పోయిందని ఎవరో అన్నారు. ఆ మాటకు ఆమె రోడ్డు మీదనే కూలబడింది. టైర్ల షాపాయన మోటార్ సైకిల్ తీసి ఆ లారీ వెనక పోయినాడు.

నేను మంచినీళ్లు తెద్దామని షాపులోకి వచ్చినాను. లోపల ముసలామె ఒక్కతే ఉంది. నడవలేదు కాబట్టి ఎక్కడున్నామె అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తాంది.

ఆమె కూర్చున్నది మెరూన్ రంగు డబ్బా పఫ్ఫీ మీద.

దాని మీద అలంకారానికి నేను పొద్దున్నే ఒక దిండు పెట్టినాను. ఆ దిండు ఇప్పుడు నేల మీద, గోడ పక్కన పడి ఉంది. ముసలామె తీసిందేమో అనుకున్నాను. కానీ ఆమె కూర్చున్న చోటి నుంచి అంత దూరం విసరదు కదా అని కూడా అనుకున్నాను. నీళ్లు పట్టిన గ్లాసు కింద పెట్టినాను.

"అవ్వా, లెయ్" అన్నాను.

"నా బిడ్డ దొరికిందా?" అంది.

"లెయ్ అవ్వా."

లేవలేకపోయింది. రెండు చంకల్లో చేతులు పెట్టి లాగేసినాను. ఆమె సోఫా మీద పడింది. మీట నొక్కినాను. చేతులకు చెమట పట్టి జారింది. మళ్లీ నొక్కినాను. మూత ఎత్తినాను.

లోపల పాప మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఒక పక్కకు వాలి ఉంది. గౌను తడిసిపోయింది. జుట్టు నుదుటికి అంటుకుంది. పెదాలు నీలం తిరిగినాయి. కండ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

ఎట్ల తీసినానో గుర్తులేదు. ఫ్యాన్ కింద నేల మీద పడుకోబెట్టి, గ్లాసులో నీళ్లు మొహాన కొట్టి, పేరు పెట్టి పిలుస్తా చెంపలు తట్టినాను. ఎన్ని సార్లు పిలిచినానో. ఒక దగ్గు వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఏడుపు. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు.

ఆస్పత్రిలో ఒక రాత్రంతా ఉంచుకుని పొద్దున పంపినారు. పాపకు ఏమీ కాలేదన్నారు. అమ్మ వెతుకుతుంది కదా అని దాక్కుందంట. మూత దించుకుంటే టిక్కుమని పడిందంట. కొట్టిందంట, అరిచిందంట. చుట్టూ ఫోమ్. బయట మేమంతా రోడ్డు మీద అరుస్తున్నాం.

ఆస్పత్రి వరండాలో ముసలామె నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నేను కూకున్న్యాక కింద ఏందో అదిరినట్లుండె మ్మా. నా కాళ్లే వణుకుతాండాయనుకుంటి."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా అరికాళ్ల కింద నేల అదిరినట్టే ఉంటుంది.

పుస్తకంలో ఆరు ఇండ్లు

షాపులో మిగిలిన అయిదు డబ్బాలకు లాకులు ఆ మరుసటి దినమే విప్పించినాడు సుధాకర్. అమ్మినవాటి సంగతేమని అడిగినాను.

"వదిలెయ్యక్కా. లక్ష్మీదేవి వాళ్లు ఎవరికీ చెప్పం అన్నారు. మనంతట మనమే పోయి ఇండ్లల్లో చెప్తే షాపు పేరు ఏమైతాది?"

"ఫోనన్నా చేద్దాం సారూ."

"ఏమని చేస్తావు? మేం అమ్మిన దాంట్లో పిల్లోళ్లు చచ్చిపోతారు అనా?"

ఆయన భయం ఆయనది. షాపు మీద బతికే కుటుంబాలు ఆయన లెక్కలో ఉన్నాయి. నాకది తెలుసు. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పినాను. ఆయన అన్నం కలుపుతా, "ఉద్యోగం పోతే ఈ వయసులో యాడ పోతావు?" అన్నాడు. కాసేపటికి తనే లేచి, పెట్టెలో నుంచి స్క్రూడ్రైవర్ తీసి నా సంచీలో పెట్టినాడు.

డెలివరీ పుస్తకంలో ఆరు అడ్రసులు దొరికినాయి. జ్వరమని రెండు దినాలు సెలవు పెట్టినాను. కల్లూరులో మూడు, కర్నూలు పాత ఊర్లో రెండు, బద్వేలులో ఒకటి. మొదటి ఇంట్లో నన్ను దొంగను చూసినట్టు చూసినారు. లాకు విప్పుతానంటే, "పాడయిందా? కొత్తది ఇస్తారా?" అని అడిగినారు. ఏం జరిగిందో దాచకుండా చెప్పినాను. ఆ ఇంటామె లోపలికి పోయి పిల్లోన్ని ఎత్తుకొచ్చి, నేను విప్పినంతసేపూ దింపకుండా నిలబడింది. ఒక ఇంట్లో పిల్లలు లేరు, ముసలి దంపతులు. అయినా విప్పినాను. మనవళ్లు సెలవులకు వస్తారు కదా. పాత ఊర్లో ఒకాయన వినలేదు, తలుపు వేసేసినాడు. గడప మీద గంటసేపు కూర్చున్నాను. ఆయన భార్య బయటికొచ్చి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుపోయి, లాకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

రెండో దినం బద్వేలుకు బస్సులో పోయేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి తల్లికి ముగ్గురు పిల్లలు. చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తాంది. నేను చెప్పింది విని తేలిగ్గా నవ్వింది.

"అవునక్కా, మా పిల్లోళ్లు దినమూ దాంట్లోనే దాక్కుంటారు. ఏం కాదులే. ఒకరు బయట నిలబడి తీస్తారు. చిన్నోడు మీట నొక్కనీకి నేర్చుకున్న్యాడు."

"వాడికెన్నేండ్లు?"

"మూడు."

నేల మీద కూర్చుని లాకు విప్పుతుంటే స్క్రూలు చేతిలో నుంచి జారిపోతున్నాయి. ఆమె నా మొహం చూసి నవ్వు ఆపేసింది. చిక్కుడుకాయలు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమీ అడగకుండా స్క్రూలు ఒక్కొక్కటే ఏరి నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రం ఆమె షాపుకు ఫోన్ చేసింది. మీ షాపామె వచ్చి నా పిల్లోళ్లను కాపాడింది అని సుధాకర్‌తో చెప్పిందంట. మరుసటి దినం నేను భయపడుతూ పోయినాను. ఆయన తల ఎత్తకుండా, "జ్వరం తగ్గిందా అక్కా?" అన్నాడు. తర్వాత ఒక కాగితం నా ముందుకు తోసినాడు. మూత డబ్బాలు కొన్నవాళ్లు లాకు విప్పించుకోండి, పిల్లలకు ప్రమాదం అని బోర్డుకు రాయించాల్సిన మాటలు. "తప్పులుంటే దిద్దు" అన్నాడు. ఆ తర్వాత లోపల నుంచి తెరుచుకోని సరుకు ఏదీ ఆ షాపులో అడుగు పెట్టలేదు. ఆయన్ను నేను తక్కువ అనుకోలేను. నేను నవ్విన చోటే ఆయనా నవ్వినాడు. ఆయన చేతిలో జార్జెట్ ముక్క లేదు, నా చేతిలో ఉంది.

ఏడోది

ఏడో డబ్బా పుస్తకంలో లేదు. షాపు నుంచి మేము పంపినవాటికే అడ్రసు రాసేవాళ్లం.

దాన్ని కొన్నది కొత్తగా పెండ్లయిన జంట. అబ్బాయి నీలం చొక్కా, ఆ అమ్మాయికి మల్లెపూలు. డెలివరీ వద్దు, బండి మీద కట్టుకుని పోతామన్నారు. ఎవరి కోసం అని అడిగినాను. అమ్మాయి సిగ్గుపడి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "బిడ్డ బట్టలు పెట్టుకోనీకి పెద్దమ్మా" అంది. ఆరో నెలంట. నేనే టిక్కు చప్పుడు వినిపించినాను. నేనే తాడు తెచ్చి, బండి మీద ఊగకుండా బిగించి కట్టినాను. ఏ ఊరని మాత్రం అడగలేదు. బండి నంద్యాల రోడ్డు వైపు తిరిగింది. నాకు తెలిసింది అంతే.

బోర్డు ఎండకు అక్షరాలు వెలిసిపోయేదాకా తలుపు పక్కన ఉంది. వాళ్లు రాలేదు. నేను చర్చిల్లో చెప్పించినాను. మా వీధిలోని దర్గాలో ఉర్సు పండగకు వచ్చినవాళ్లతో, పెండ్లిళ్లలో కలిసినవాళ్లతో చెప్పినాను. మోకాళ్లు సహకరించక పని మానేసి రెండేండ్లయింది. ఇప్పటికీ ఎవరింటికి పోయినా నా కండ్లు ముందు గోడ వారకు పోతాయి. మూత ఉన్న సీటు కనబడితే అడగకుండానే ఎత్తి చూస్తాను. ముసలిదానికి చాదస్తమని నా వెనక అనుకుంటారు, అనుకోనీ.

రూతూ, అది ముదురు మెరూన్ రంగు, అంచుకు తెల్ల పైపింగు, ముందర ఇత్తడి మీట. నువ్వు పని చేసే చోట ఎవరైనా మరమ్మతుకు తెచ్చినా, ఎవరింట్లోనైనా కనబడినా, ఇంకేమీ మాట్లాడద్దు. ముందు ఆ లాకు విప్పు.

ఆ బిడ్డకు ఇప్పుడు అయిదేండ్లు నిండి ఉంటాయి.